అందరూ రాసే షీట్‌లో ఎవరి గడి వాళ్లకే: గూగుల్ షీట్స్‌కి తాళాలు వేసుకోవడం ఎలా

మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. మెయింటెనెన్స్ లెక్కలు రాసే పని నా మెడకు చుట్టుకున్న కొత్తలో ఒక గూగుల్ షీట్ తయారుచేసి, లింకు వాట్సాప్ గ్రూపులో పడేశాను. "ఎవరు కట్టింది వాళ్లే రాసేయండి" అన్నాను. రెండు నెలలు బాగానే నడిచింది. మూడో నెలలో రెండో అంతస్తు ఆంటీ ఒకావిడ కిందికి దిగి వచ్చి, "ఏం బాబూ, మొన్ననే కట్టాను కదా, నా పేరెదురుగా బాకీ అని ఉందేంటి?" అని అడిగారు. తెరిచి చూస్తే ఆవిడదొక్కటే కాదు, సగం ఫ్లాట్ల లెక్క తారుమారు. పేర్లు అక్షరక్రమంలో ముచ్చటగా ఉన్నాయి. డబ్బుల కాలమ్ మాత్రం పాత వరుసలోనే ఉండిపోయింది. ఎవరో తమ పేరు త్వరగా దొరకాలని పేర్ల కాలమ్‌ని మాత్రమే సార్ట్ చేసేశారన్నమాట.

ఎవరని వెతికితే, ఎవరు ఏం మార్చారో చూపించే హిస్టరీలో పేరు లేదు, అనామకులు అని ఉంది. లింకు ఉన్న ఎవరైనా రాయవచ్చని ఇచ్చింది నేనే. ఆ రాత్రి బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టుకుని 40 వరుసలూ సరిచేశాను. షీట్లు పాడుచేసేవాళ్లలో దొంగలు దాదాపు ఉండరని అప్పుడే అర్థమైంది. బస్సులో నిలబడి, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, వేలు జారినవాళ్లే ఎక్కువ. అందుకే తాళాలు వేసేటప్పుడు ఎవరిమీదో అనుమానంతో వేస్తున్నామని మొహమాటపడనక్కర్లేదు.

కింద చెప్పేదంతా కంప్యూటర్‌లో, బ్రౌజర్‌లో చేయండి. ఫోన్ యాప్‌లో ఈ మెనూలన్నీ దొరకవు. ఇంకో మాట: సెల్ అంటే మనకు ఫోన్ కాబట్టి, షీట్‌లోని చిన్న పెట్టెని నేను గడి అంటాను.

ముందు కాగితం మీద

మెనూలు తెరవకముందు ఒక కాగితం తీసుకుని మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఈ లిస్టు ఎవరెవరు చూడాలి? ఎవరెవరు ఏదైనా రాయాలి? రాసేవాళ్లు సరిగ్గా ఏ కాలమ్‌లో రాయాలి?

మా లిస్టులో ఫ్లాట్ నంబర్, యజమాని పేరు, నెలకు కట్టాల్సిన మొత్తం, కట్టిన మొత్తం, కట్టిన తేదీ, యూపీఐ రిఫరెన్స్ నంబర్, స్థితి అని ఏడు కాలమ్‌లు ఉండేవి. కాగితం మీద పెట్టి చూస్తే మొదటి మూడూ ఏడాదికి ఒకసారి కూడా మారవు. వాటిని నేను తప్ప ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. మిగిలిన నాలుగింటిలో రాయాల్సింది కూడా అంతస్తుకొకరు చొప్పున డబ్బులు చూసుకునే నలుగురే. అందరూ ఎడిట్ అడుగుతారు గానీ, తరచి అడిగితే ముప్పావు మందికి కావలసింది తమ వరుస చూసుకోవడమే.

పెళ్లి పిలుపుల లిస్టు అయినా, వినాయక చవితి చందాల లిస్టు అయినా, పూర్వ విద్యార్థుల ఫోన్ నంబర్ల లిస్టు అయినా ఈ కాగితం పని ఒకటే. దీన్ని దాటేసి నేరుగా మెనూల్లోకి వెళ్తే అనవసరమైన చోట తాళం వేస్తారు, అవసరమైన చోట మర్చిపోతారు.

తలుపు దగ్గర

కుడివైపు పైన ఉండే షేర్ బటన్ నొక్కండి. కింద జనరల్ యాక్సెస్ అని ఉంటుంది. అక్కడ 'ఎనీవన్ విత్ ద లింక్', దాని పక్కన 'ఎడిటర్' అని ఉంటే మొట్టమొదట దాన్ని మార్చండి. లింకు వాట్సాప్‌లో ఎక్కడెక్కడికి పోతుందో మన చేతిలో ఉండదు. లిస్టులో దాచాల్సింది ఏమీ లేకపోతే లింకు ఉన్నవాళ్లకు 'వ్యూయర్' చాలు. ఫోన్ నంబర్లో, బ్యాంకు వివరాలో ఉంటే 'రెస్ట్రిక్టెడ్' పెట్టి, మెయిల్ ఐడీలు ఒక్కొక్కటే చేర్చండి.

రాయాల్సిన నలుగురినీ వాళ్ల జీమెయిల్ ఐడీతోనే ఎడిటర్‌గా చేర్చండి. పేరుతో చేర్చినవాళ్లు ఏం మార్చినా హిస్టరీలో పేరు కనిపిస్తుంది. "అంకుల్, మీ మెయిల్ ఐడీ చెప్పండి" అని అడగడానికి మొహమాటపడితే తర్వాత నాలాగే బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చోవాలి.

మధ్యలో 'కామెంటర్' అని ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. కామెంటర్ గడిలో ఏమీ మార్చలేరు గానీ "ఈ మొత్తం తప్పు, నేను 2500 కట్టాను" అని గడికి ఒక చీటీ అంటించగలరు. ఫిర్యాదులు ఎక్కువగా ఉండే లిస్టుకి ఇది భలే పనికొస్తుంది.

అదే షేర్ పెట్టెలో పైన గేర్ గుర్తు ఉంటుంది. నొక్కితే రెండు టిక్కులు కనిపిస్తాయి. మొదటిది, ఎడిటర్లు ఇంకొకరికి షేర్ చేయవచ్చు, అనుమతులు మార్చవచ్చు అనేది. అది మామూలుగా టిక్ పెట్టే ఉంటుంది. తీసేయండి. లేదంటే మీరు నలుగురికి ఇచ్చిన తాళంచెవి పదిమందికి చేరుతుంది. రెండోది, చూసేవాళ్లూ కామెంటర్లూ డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ చేసుకోవచ్చు అనేది. అవసరమైతే అదీ తీయవచ్చు. కాకపోతే స్క్రీన్‌షాట్‌ని ఏ టిక్కూ ఆపలేదు.

మొత్తం మూసి, కావలసిన గడులు తెరవడం

అసలు పని ఇక్కడుంది. డేటా మెనూలో 'ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్' నొక్కితే కుడిపక్కన ఒక పట్టీ తెరుచుకుంటుంది. 'యాడ్ ఎ షీట్ ఆర్ రేంజ్' నొక్కండి. రెండు దారులు కనిపిస్తాయి: రేంజ్ (కొన్ని గడులు మాత్రమే), షీట్ (ఒక ట్యాబ్ మొత్తం; ట్యాబ్ అంటే ఫైల్ అడుగున పేరుతో కనిపించే ఒక్కో పేజీ).

కొత్తవాళ్లు చేసే పని ఏమిటంటే, రేంజ్ ఎంచుకుని ఒక్కో కాలమ్‌కీ తాళం వేసుకుంటూ పోవడం. ఇవాళ బాగానే ఉంటుంది. రేపు పక్కన కొత్త కాలమ్ చేరిస్తే దానికి తాళం ఉండదు, మనకు గుర్తూ ఉండదు. అందుకని తిరగేసి చేయండి. షీట్ అనే దారి ఎంచుకుని, ఏ ట్యాబ్‌కి తాళం వేయాలో చూపించి, 'ఎక్సెప్ట్ సర్టెన్ సెల్స్' అనే టిక్ పెట్టండి. అంటే "ఇవి తప్ప మిగతావన్నీ మూసెయ్" అని. ఆ కింది పెట్టెలో రాయనివ్వాల్సిన గడుల పరిధి ఇవ్వండి. మా షీట్‌లో అయితే డి కాలమ్ రెండో వరుస నుంచి జి కాలమ్ 41వ వరుస వరకు. మొదటి వరుస శీర్షికలు, అది మూసే ఉండాలి.

తర్వాత 'సెట్ పర్మిషన్స్' నొక్కండి. అక్కడ మళ్లీ రెండు ఉంటాయి. ఒకటి, మార్చబోతే హెచ్చరిక చూపించడం. ఇది తాళం కాదు, "జాగ్రత్త" అనే బోర్డు లాంటిది, సరే అంటే మార్చేయవచ్చు. నా సొంత లెక్కల షీట్లలో ఫార్ములాలున్న చోట దీన్ని పెట్టుకుంటాను, నా చేతిమీద నాకే నమ్మకం లేక. రెండోది, ఎవరు మార్చవచ్చో పరిమితం చేయడం. నలుగురు రాసే లిస్టుకి ఇదే కావాలి. అందులో 'ఓన్లీ యు' ఎంచుకుని డన్ నొక్కండి. ఇంకొకరికి కూడా చేయి ఉండాలంటే 'కస్టమ్' ఎంచుకుని, వాళ్ల పేరొక్కటే టిక్ చేయండి. మిగతా పేర్లకు టిక్ లేదని ఒకసారి కళ్లారా చూసుకోండి.

దీంతో అడగకుండానే ఇంకో మేలు జరుగుతుంది. ఒక వరుసలో మూసిన గడి ఒక్కటున్నా, అనుమతి లేనివాళ్లు ఆ వరుసను తీసేయలేరు. మూసిన కాలమ్‌ని కలుపుకుని సార్ట్ కూడా చేయలేరు. మా అపార్ట్‌మెంట్‌లో గొడవ తెచ్చిన సార్టింగ్‌కి పేర్ల కాలమ్ మూసేయడమే సగం మందు.

అంతస్తుకొకరు రాస్తున్నారు కదా, ఒకరి గడిలో ఇంకొకరు రాయకుండా ఎలా? ఒకే ట్యాబ్‌లో ఈ పంపకం చేయబోతే తాళాలమీద తాళాలు పడి, నెల తిరిగేసరికి ఏది దేనికో మీకే గుర్తుండదు. దానికంటే అంతస్తుకొక ట్యాబ్ పెట్టండి. ఒక్కో ట్యాబ్‌కీ షీట్ తాళం వేసి, కస్టమ్‌లో ఆ అంతస్తువారి పేరొక్కటే టిక్ చేయండి. అన్నింటి మొత్తాలూ లాగే ట్యాబ్ ఇంకొకటి పెట్టి, దాన్ని మీ ఒక్కరికే ఉంచుకోండి. అలా తాళం వేసిన ట్యాబ్‌ని అనుమతి లేనివాళ్లు తీసేయలేరు కూడా.

షీట్ యజమానికి మాత్రం ఏ తాళమూ అడ్డు కాదు. ఆ సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

ఏం రాయవచ్చో కూడా చెప్పాలి

గడి తెరిచి ఇచ్చారు. అందులో ఏం రాస్తారు? మా స్థితి కాలమ్‌లో ఒక నెలలో కనిపించినవి: కట్టాం, కట్టేశాము, పెయిడ్, ఫోన్‌పే చేశా, ఓకే, ఒక బొటనవేలి బొమ్మ, "వాచ్‌మన్‌కి ఇచ్చాను". మనిషికి అన్నీ ఒకటే. 'కట్టారు' అనే మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే ఫార్ములాకి మాత్రం ఇవన్నీ బాకీలే.

డబ్బుల కాలమ్ సంగతి ఇంకా తమాషా. మనవాళ్లకి మొత్తం రాశాక పక్కన ఒక అడ్డగీత, ఒక చిన్న గీత పెట్టడం చెక్కుల కాలం నుంచి అలవాటు. 2500/- అని రాస్తే షీట్‌కి అది అంకె కాదు, ఉత్త అక్షరాలు. కూడిక ఫార్ములా దాన్ని నిశ్శబ్దంగా వదిలేస్తుంది. ఎర్రగా ఏమీ చూపించదు, మొత్తం మాత్రం తక్కువ వస్తుంది.

దీనికి మందు డేటా మెనూలోని 'డేటా వాలిడేషన్'. ముందు గడులు ఎంచుకుని, అక్కడ 'యాడ్ రూల్' నొక్కండి.

స్థితి కాలమ్‌కి 'డ్రాప్‌డౌన్' ఎంచుకుని మూడే మాటలు ఇవ్వండి: కట్టారు, కొంత కట్టారు, బాకీ. నాలుగోది పెట్టాలని అనిపిస్తుంది, పెట్టకండి. ఎంపికలు ఎక్కువైతే మనిషికొకటి నొక్కుతాడు.

కట్టిన మొత్తం రాసే కాలమ్‌కి, అంకె ఇంతనుంచి ఇంతలోపు ఉండాలనే నియమం పెట్టండి. మాకు 0 నుంచి 10000 సరిపోయింది. ఒక సున్నా ఎక్కువ పడితే అక్కడే ఆగుతుంది. తేదీకి, సరైన తేదీ అయి ఉండాలనే నియమం చాలు. కానీ దానికి ముందు ఒక పని చేయాలి. ఫైల్ మెనూలో సెట్టింగ్స్ తెరిచి, 'లొకేల్' ఏ దేశమని ఉందో చూడండి. అమెరికా అని ఉంటే 05/06 అని రాసిన జూన్ 5 కాస్తా మే 6 అయిపోతుంది. ఇండియా అని మార్చండి.

యూపీఐ రిఫరెన్స్ నంబర్‌లో 12 అంకెలుంటాయి. అదే నంబర్ రెండు నెలలకు రెండుసార్లు రాసినవాళ్లు మాకు తగిలారు, పాపం కావాలని కాదు, పాత స్క్రీన్‌షాట్ చూసి రాశారు. దీనికి 'కస్టమ్ ఫార్ములా' నియమం వాడాలి. లెన్ అనే ఫంక్షన్‌తో పొడవు 12 అని, కౌంట్‌ఇఫ్ ఫంక్షన్‌తో ఆ కాలమ్ మొత్తంలో ఆ విలువ ఒక్కసారే ఉందని, రెండింటినీ యాండ్ ఫంక్షన్‌తో కలిపి రాయండి. ఫంక్షన్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి సుమా.

నియమం రాశాక ఆగిపోకండి. కింద 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' తెరవండి. తప్పుగా రాస్తే హెచ్చరించాలా, తిరస్కరించాలా అని అడుగుతుంది. హెచ్చరిక అంటే గడి మూలన ఎర్రగుర్తు పడుతుంది, తప్పు మాత్రం అక్కడే కూర్చుంటుంది. 'రిజెక్ట్ ద ఇన్‌పుట్' పెట్టండి. అక్కడే సహాయ వాక్యం రాసుకునే వీలుంది. దాన్ని తెలుగులో రాయండి: "అంకె మాత్రమే రాయండి, గీతలు వద్దు. ఉదాహరణకు 2500". తిరస్కరించి ఊరుకుంటే పెద్దవాళ్లకి టెన్షన్, మీకు ఫోన్లు. ఒక్క వాక్యంతో రెండూ తప్పుతాయి.

ఇప్పటికే గడుల్లో ఉన్న తప్పుల్ని కొత్త నియమం తీసేయదు, ఎర్రగుర్తు పెట్టి వదిలేస్తుంది. అవి మీరే దిద్దుకోవాలి. ఇంకొకటి, ఈ గోడకి ఒక కన్నం ఉంది. వేరే గడిని కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చేస్తే ఆ గడి విలువతోపాటు దాని నియమాలు కూడా వచ్చి మీ నియమం పోతుంది. విలువ మాత్రమే పేస్ట్ చేయడానికి కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కాలని రాసేవాళ్లకు చెప్పండి. చెప్పినా మర్చిపోతారు కాబట్టి నెలకోసారి నియమాల పట్టీ తెరిచి, పరిధి ఎక్కడైనా తెగిందేమో చూసుకోండి.

మన డోర్ నంబర్ల గురించి ఒక మాట చెప్పకపోతే తప్పవుతుంది. 4-12 అని ఇంటి నంబర్ రాస్తే షీట్ దాన్ని తేదీ అనుకుంటుంది. 3-6-12 రాస్తే నిక్షేపంగా 2012కి వెళ్లిపోతుంది. మన ఊళ్లలో ఇలాంటి నంబర్లే ఎక్కువ కదా. రాయకముందే ఆ కాలమ్ ఎంచుకుని ఫార్మాట్, నంబర్, 'ప్లెయిన్ టెక్స్ట్' అని పెట్టండి. సున్నాతో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబర్లకీ ఇదే చికిత్స. ముందు రాసేసి తర్వాత పెడితే పోయిన సున్నా తిరిగి రాదు.

వెతుక్కోవడానికి వాళ్లకో దారి ఇవ్వండి

మొదట్లో చెప్పిన ఘనకార్యం చేసినవారికి కావలసింది తమ పేరు వెతుక్కోవడం, అంతే. ఆ అవసరం తీర్చకుండా తాళం మాత్రమే వేస్తే ఇంకో దారిలో తవ్వుతారు. డేటా మెనూలో 'ఫిల్టర్ వ్యూ' తయారుచేయండి. ఇందులో ఒకరు సార్ట్ చేసినా, కొన్ని వరుసలే చూసినా అది వాళ్ల తెరమీదే. అసలు షీట్ కదలదు. "బాకీలు మాత్రమే", "మూడో అంతస్తు" అని పేర్లు పెట్టి ఉంచితే ఎంచుకుని చూసుకుంటారు. మామూలు ఫిల్టర్ వేరు. అది ఒకరు పెడితే అందరి తెరమీదా మారుతుంది, "నా వరుస మాయమైంది" అనే ఫోన్లకు మూలం చాలాసార్లు అదే.

అసలు ఎడిట్ ఎందుకు, ఫారం ఇవ్వండి

రాయాల్సినవాళ్లు నలుగురు కాక నలభై మంది అయితే షీట్ ఇవ్వకండి. గూగుల్ ఫారం ఇవ్వండి. వాళ్లకి ప్రశ్నలే కనిపిస్తాయి, పక్కవాళ్ల వరుస కనిపించదు, ముట్టుకునే వీలే లేదు. జవాబులు మీ షీట్‌లో సమయంతో సహా ఒక్కో వరుసగా పడతాయి. మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడు నడుస్తున్నది ఇదే, నలుగురు వాలంటీర్ల పద్ధతి ఏడాది తర్వాత మానేశాం.

ఫారం సెట్టింగ్స్‌లో మూడు చూసుకోండి. మెయిల్ ఐడీ సేకరణ 'వెరిఫైడ్' అని పెడితే ఒకరి పేరుతో ఇంకొకరు పంపలేరు, కాకపోతే గూగుల్‌లో లాగిన్ అవ్వాలి. ఒక్కసారే జవాబు ఇవ్వాలనే నియమం చవితి భోజనాలకు ఎంతమంది వస్తారు లాంటి వాటికి బాగుంటుంది, ప్రతి నెలా నింపే ఫారానికి పనికిరాదు. పంపాక జవాబు మార్చుకోవచ్చనే ఎంపిక పెడితే ఎవరి తప్పు వాళ్లే దిద్దుకుంటారు, షీట్‌లో ఆ వరుస మారుతుంది. షీట్‌లో మీరు చేతితో దిద్దితే మాత్రం ఫారంలో ఉన్న అసలు జవాబు మారదని గుర్తుంచుకోండి. అందుకే జవాబులు పడే ట్యాబ్‌ని అలాగే వదిలేసి, లెక్కలు ఇంకో ట్యాబ్‌లో చేసుకోవడం మంచిది.

దాచినది దాగదు

కాలమ్‌ని హైడ్ చేస్తే అది తాళం అనుకునేవాళ్లు చాలామంది. ఎడిటర్ ఎవరైనా ఒక్క నొక్కుతో దాన్ని బయటికి తీయగలరు. చూడటానికి మాత్రమే అనుమతి ఉన్నవారు కూడా షీట్‌ని కాపీ చేసుకుంటే, ఆ కాపీకి వాళ్లే యజమానులు, అన్నీ కనిపిస్తాయి. తాళం వేసిన గడుల సంగతి కూడా అంతే. ఈ తాళాలు మార్చకుండా ఆపుతాయి, చదవకుండా ఆపవు. ఇది రహస్య భద్రత కోసం కాదని గూగుల్ సహాయ పేజీలోనే రాసి ఉంటుంది.

కాబట్టి అందరికీ కనిపించకూడనివి వేరే ఫైల్‌లోనే ఉండాలి. మీ ఒక్కరి దగ్గరా అసలు ఫైల్ ఉంచుకుని, అందరికీ ఇంకో ఫైల్ ఇచ్చి, అందులో 'ఇంపోర్ట్ రేంజ్' అనే ఫంక్షన్‌తో చూపించదలచిన కాలమ్‌లు మాత్రమే లాగండి. మొదటిసారి 'అలౌ యాక్సెస్' అని అడుగుతుంది, ఒప్పుకోండి. ఇక్కడ ఒక పెద్ద జాగ్రత్త ఉంది. ఒకసారి ఒప్పుకున్నాక, ఆ రెండో ఫైల్‌కి ఎడిటర్ అయిన ఎవరైనా అదే ఫంక్షన్‌తో మీ అసలు ఫైల్‌లోని ఏ భాగాన్నయినా లాగగలరు. అందుకని రెండో ఫైల్ అందరికీ వ్యూయర్‌గానే ఇవ్వాలి. ఒక్కరిని కూడా ఎడిటర్ చేయకూడదు.

ఆధార్ నంబర్లు అడిగి లిస్టులో పెట్టే అలవాటు కొన్ని సంఘాల్లో ఉంది. ఏ తాళమూ వేయనక్కర్లేని పద్ధతి ఏమిటంటే, అసలు తీసుకోకపోవడం.

పాడైతే

ఎన్ని చేసినా ఒకరోజు పాడవుతుంది. ఫైల్ మెనూలో 'వెర్షన్ హిస్టరీ' తెరిస్తే ఎప్పుడు, ఎవరు, ఏం మార్చారో రంగుల్లో కనిపిస్తుంది. కంగారుపడి వెంటనే పాత వెర్షన్‌కి 'రీస్టోర్' కొట్టకండి. అలా చేస్తే ఆ తర్వాత మిగతావాళ్లు రాసిన సరైన లెక్కలు కూడా తెరమీద నుంచి పోతాయి. పాత వెర్షన్ పక్కన మూడు చుక్కలు నొక్కి కాపీ తీసుకుని, పాడైన కాలమ్‌ని మాత్రమే అక్కడినుంచి తెచ్చి పెట్టుకోండి. నాకు ఈ సంగతి ఆ రాత్రి తెలిసి ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో జాగారం తప్పేది.

ఒక్క గడి గురించే గొడవ అయితే ఆ గడిమీద రైట్ క్లిక్ చేసి 'షో ఎడిట్ హిస్టరీ' చూడండి. పాత విలువ, మార్చినవారి పేరు వస్తాయి. వరుసలు తీసేయడం, చేర్చడం లాంటివి మాత్రం ఇందులో కనిపించవు. ప్రతి నెలాఖరుకీ లెక్క ముగించాక 'నేమ్ కరెంట్ వెర్షన్'తో ఒక పేరు పెట్టి ఉంచితే తర్వాత వెతుకులాట ఉండదు. ఎవరైనా మార్చగానే మెయిల్ రావాలంటే టూల్స్ మెనూలో నోటిఫికేషన్ సెట్టింగ్స్ ఉన్నాయి. రోజుకొక మెయిల్ చాలు. వెంటవెంటనే పంపమంటే రెండో రోజుకి మీరే చూడటం మానేస్తారు.

ఆఫీసులో మైక్రోసాఫ్ట్ లిస్ట్స్ వాడేవాళ్లకు

ఆఫీసుల్లో షేర్‌పాయింట్ లేదా మైక్రోసాఫ్ట్ లిస్ట్స్ ఉంటే పద్ధతి కొంచెం వేరు, ఒక విషయంలో మెరుగు కూడా. గూగుల్ షీట్‌లో కష్టపడి చేసే "ఎవరి వరుస వాళ్లకే" అనేది ఇక్కడ సెట్టింగ్‌లోనే ఉంది. లిస్ట్ సెట్టింగ్స్‌లో 'అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్' తెరిస్తే 'ఐటమ్ లెవెల్ పర్మిషన్స్' కనిపిస్తుంది. చదవడానికి: అన్నీ, లేదా తాము చేర్చినవి మాత్రమే. రాయడానికి: అన్నీ, తాము చేర్చినవి మాత్రమే, లేదా ఏవీ కాదు. సెలవుల అర్జీలు, సామాన్ల ఇండెంట్లు లాంటి లిస్టులకు రెండుచోట్లా "తాము చేర్చినవి మాత్రమే" పెడితే సరిపోతుంది.

అయితే టీమ్ సభ్యులకు మామూలుగా వచ్చే హోదా 'ఎడిట్'. ఆ హోదా ఉన్నవారు కాలమ్‌లు తీసేయగలరు, ఇప్పుడు మీరు పెట్టిన సెట్టింగ్‌నే మార్చగలరు. తాళం వేసి చెవి దానికే వేలాడదీసినట్టు. ఈ లిస్టుకి మొత్తం సైట్ నుంచి వాటంతటవే వచ్చే అనుమతుల్ని తెంచి, సభ్యులకు 'కాంట్రిబ్యూట్' హోదా ఇవ్వండి. వరుసలు చేర్చడం, మార్చడం, తీయడం దానితో కుదురుతుంది, లిస్టు రూపం మార్చడం కుదరదు. వర్షనింగ్ సెట్టింగ్స్‌లో 'కంటెంట్ అప్రూవల్' పెడితే చేర్చినది మీరు ఒప్పుకునేదాకా ఆమోదం కోసం ఆగి ఉంటుంది.

ఒక్క కాలమ్‌కి మాత్రం తాళం వేయాలంటే ఇక్కడ సూటిగా కుదరదు. ఫారంలో కనిపించకుండా చేయవచ్చు గానీ గ్రిడ్ వ్యూ తెరిస్తే ఆ కాలమ్ బయటపడుతుంది. మేనేజరు మాత్రమే రాయాల్సిన కాలమ్ ఉంటే దాన్ని ఇంకో లిస్టులో పెట్టడమే దారి.

ఇంకో అకౌంట్‌తో చూడండి

యజమానికి ఏ తాళమూ అడ్డురాదని చెప్పాను కదా. అందుకే మీ అకౌంట్‌తో పరీక్షిస్తే అన్నీ తెరిచినట్టే ఉంటాయి, ఏదీ తెలియదు. ఇంట్లో ఇంకొకరి జీమెయిల్‌ని ఎడిటర్‌గా చేర్చి, వాళ్ల ఫోన్‌లో తెరిచి, కావాలని పాడుచేయడానికి ప్రయత్నించండి. పేరు మార్చండి, వరుస తీసేయండి, సార్ట్ చేయండి, డబ్బుల గడిలో "ఇచ్చాను" అని రాయండి. నేను ఈ పని మా పదో తరగతి అబ్బాయికి అప్పజెప్పాను. పది నిమిషాల్లో రెండు కన్నాలు చూపించాడు. ఒకటి పేస్ట్ గురించి పైన చెప్పినదే. రెండోది, నేను తాళం వేయడం మర్చిపోయిన పాత ట్యాబ్.

పదవి దిగేరోజున షేర్ పెట్టెలో కొత్తవారి పేరు పక్కన 'ట్రాన్స్‌ఫర్ ఓనర్‌షిప్' ఎంచుకోండి. మామూలు జీమెయిల్ అకౌంట్లలో అవతలివారు ఒప్పుకుంటేనే యాజమాన్యం మారుతుంది, కాబట్టి వాళ్లు మెయిల్ తెరిచి ఒప్పుకునేదాకా పక్కనే కూర్చోండి. ఆ తర్వాత తాళాల పట్టీ ఇద్దరూ కలిసి తెరిచి, ఒక్కో తాళం మీదా కొత్తవారి పేరు చేర్చి మీ పేరు తీయించండి.